గంట వెనక్కి వెళ్లే రాత్రి, పసిపిల్లల నిద్ర

అందరికీ నమస్కారం. శనివారం పూట చంటిపిల్లలను చంకనేసుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పిల్లలు ఏడిస్తే ఎవరూ బయటికి వెళ్లక్కర్లేదు. నేను డాక్టర్ని, రోజంతా ఆ చప్పుడు మధ్యే పనిచేస్తాను.

ఇంకో ఎనిమిది రోజుల్లో, అంటే 2025 నవంబర్ 2 ఆదివారం తెల్లవారుజామున రెండు కొట్టగానే ఇక్కడ అమెరికాలో గడియారం మళ్లీ ఒంటిగంటకు వెళ్తుంది. ఆ మర్నాటి నుంచి ఓ రెండు వారాలపాటు నా దగ్గరికి వచ్చే తల్లులు దాదాపు ఒకే మాట చెబుతారు. "నాలుగున్నరకే లేచి కూర్చుంటున్నాడండి. సాయంత్రం ఆరయ్యేసరికి కళ్లు నలుపుకుని ఒకటే పేచీ." పక్కన ఉన్న అత్తగారో, అమ్మో నెమ్మదిగా అంటారు, "పాలు చాలట్లేదేమో, దిష్టి తగిలిందేమో" అని. ఆ తల్లి ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అప్పటికే ఆవిడ వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. పైగా తప్పు తనదే అనుకుంటోంది.

ఆ మాట ముందే చెప్పేస్తాను. పాలు చాలక కాదు, మీ పెంపకంలో లోపం కాదు, పిల్లాడి మొండితనం అంతకన్నా కాదు. వాడు నిన్న లేచిన వేళకే ఇవాళా లేచాడు. మారింది మన గోడ మీది గడియారం.

మాది కాకినాడ దగ్గర పల్లె. భారతదేశం మొత్తానికి టైము కట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మా వైపు నుంచే పోతుంది. అందుకని మా ఊళ్లో గడియారం పన్నెండు కొట్టేటప్పటికి సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. ఏడాది పొడుగునా చూసినా పొద్దుపొడుపులో తేడా గంట, అంతకు కాస్త ఎక్కువ, అంతే. అక్కడ గడియారం ముందుకీ వెనక్కీ జరపాల్సిన అవసరమే రాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 దాకా, మన దేశంలోనూ గంట ముందుకు జరిపారు కానీ, యుద్ధం అయిపోగానే మానేశారు. ఇక్కడ న్యూజెర్సీలో అలా కాదు. గడియారం జరపకుండా వదిలేస్తే జూన్‌లో నాలుగున్నరకే తెల్లారిపోతుంది, డిసెంబర్ చివర్లో ఏడు దాటితే గానీ తెల్లారదు. ఆ వేసవి పొద్దును సాయంత్రానికి మళ్లించుకుందామని పుట్టినదే ఈ ఏర్పాటు. అమెరికాలో మొదట 1918లో పెట్టారు. ఇప్పుడు నడుస్తున్న తేదీలు, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి, 2007 నుంచి వచ్చినవి.

ఇదంతా రైతుల కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి గట్టిగా ఎదురు తిరిగింది రైతులే. వాళ్ల ఒత్తిడి వల్లే 1919లో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు విల్సన్ వీటో చేసినా లెక్కచేయకుండా, ఆ చట్టాన్ని ఎత్తేసింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన గేదెల పాలు తీసే వేళ అరగంట అటూ ఇటూ అయితే చాలు, గేదె చేపేది కాదు. చంటిపిల్లలదీ అదే తీరు. ప్రభుత్వం చెప్పిన టైము వాళ్లకు తెలియదు. వాళ్ల ఒంటికి తెలిసినవి ప్రధానంగా రెండు: కంట్లో పడే వెలుతురు, కడుపులో పడే పాలు. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఈ రెండింటి గురించే.

మన మెదడులో, రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, ఆవగింజంత కణాల గుంపు ఒకటి ఉంటుంది. ఒంటికి అదే గడియారం. కంట్లో వెలుతురు పడితే పగలని, చీకటి పడితే రాత్రి అని అది లెక్కేసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తుంది, దాంతో మెల్లగా నిద్ర కమ్ముకొస్తుంది. పుట్టిన కొత్తలో పిల్లలకు ఈ గడియారం ఇంకా కుదురుకోదు. రెండు మూడు నెలల వయసు నుంచి కుదురుకోవడం మొదలవుతుంది. మధ్యలో ఒక ముచ్చట చెప్పాలి. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపుగా ఉండదు. బిడ్డకు సొంత గడియారం ఏర్పడేదాకా అమ్మ గడియారమే పాల ద్వారా అందుతుందన్నమాట. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

కాబట్టి మూడు నెలల లోపు బిడ్డలున్న వాళ్లు వచ్చే వారం ఏమీ చేయక్కర్లేదు. ఆకలేసినప్పుడు పాలివ్వండి, నిద్రొచ్చినప్పుడు పడుకోబెట్టండి. టెన్షన్ పడకండి. మిగతా నా మాటలు నాలుగైదు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఉన్న పిల్లల గురించి.

మీ పాప రాత్రి ఎనిమిదింటికి పడుకుని పొద్దున్న ఆరున్నరకు లేస్తుందనుకుందాం. నవంబర్ 2న ఆ ఆరున్నర కాస్తా ఐదున్నర అవుతుంది. చాలామంది ఏం చేస్తారంటే, ఆ ఆదివారం రాత్రి బలవంతంగా గంట ఆలస్యంగా పడుకోబెడతారు. గంట ఆలస్యంగా లేస్తుందని ఆశ. పెద్దవాళ్లం కాబట్టి మనం అలా సర్దుకుంటాం. పసిపిల్లలు సర్దుకోరు. ఆలస్యంగా పడుకున్నా పాత వేళకే లేస్తారు, నిద్ర చాలక రోజంతా చికాకు పడతారు, బాగా అలిసిపోయిన పిల్ల రాత్రి ఇంకా ఎక్కువసార్లు లేస్తుంది.

దాని బదులు ఎల్లుండి సోమవారం నుంచే మొదలుపెట్టండి. సోమవారం ఎనిమిదీ పదికి, మంగళవారం ఎనిమిదీ ఇరవైకి, ఇలా రోజుకు పది నిమిషాలు జరుపుకుంటూ పోతే శనివారానికి తొమ్మిది అవుతుంది. ఆదివారం కొత్త గడియారంలో అదే ఎనిమిది. పడక ఒక్కటే జరిపితే లాభం లేదు. పగటి నిద్ర, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పాలు, లాల పోసే వేళ, అన్నీ దాంతోపాటే పది నిమిషాలు జరగాలి. పడకను మాత్రమే జరిపి "మీరు చెప్పింది పనిచేయలేదండి" అనే తల్లిదండ్రులు నాకు చాలామంది తగిలారు. అడిగితే తేలేదేమిటంటే, డేకేర్‌లో పడుకోబెట్టే టైము మారలేదు. డేకేర్ వాళ్లకు సోమవారమే ఒక చీటీ రాసిచ్చి అడగండి. పది నిమిషాలు కుదరకపోయినా, చివరి రెండు రోజులు అరగంట జరపడానికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

శుక్రవారం హాలోవీన్ అని గుర్తుంచుకోండి. ఆ రాత్రి పిల్లలు ఎలాగూ ఆలస్యంగా పడుకుంటారు, నోట్లో చాక్లెట్లు ఉంటాయి. దానికి బాధపడొద్దు. శనివారం మధ్యాహ్నం కాసేపు ఎక్కువ పడుకోనివ్వండి, లెక్క సరిపోతుంది.

ఇప్పుడు వెలుతురు సంగతి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. సాయంత్రం వెలుతురు ఒంటి గడియారాన్ని వెనక్కి నెడుతుంది, అంటే నిద్రను ఆలస్యం చేస్తుంది. పొద్దున్న వెలుతురు ముందుకు లాగుతుంది. నవంబర్‌లో మనకు కావలసింది ఆలస్యం. అందుకని ఈ వారమంతా డేకేర్ నుంచి రాగానే పిల్లలను ఇంట్లోకి తీసుకెళ్లిపోకుండా, ఐదు నుంచి ఐదున్నర దాకా స్వెటర్ వేసి బయట తిప్పండి. ఇప్పుడు మన ఊరు ఎడిసన్‌లో సూర్యాస్తమయం దాదాపు ఆరింటికి. గడియారం మారాక ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. అప్పుడు ఇంట్లో లైట్లన్నీ వేసి ఉంచండి, ఏడు దాకా ఇల్లు పండగలా వెలగనివ్వండి. ఏడు దాటాక ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ రండి.

పొద్దున్న దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. ఇప్పుడు ఏడూ ఇరవై దాటితే గానీ వెలుగు రావట్లేదు కదా, నవంబర్ 2 నుంచి ఆరున్నర లోపే వస్తుంది. ఆ వెలుగు కిటికీలోంచి తిన్నగా తొట్టి మీద పడితే ఇక ఏ ప్లానూ పనిచేయదు. మందపాటి నల్ల కర్టెన్లు కొనలేకపోతే కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టినా చాలు, పిల్లల చేతికి అందనంత ఎత్తులో గట్టిగా అంటించండి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దమ్మాయికి అప్పుడు పద్నాలుగు నెలలు. అమ్మ కాకినాడ నుంచి వచ్చి మాతో ఉంది. అమ్మకు జీవితమంతా నాలుగున్నరకు లేవడం అలవాటు. లేచి, వంటింట్లో లైటు వేసి, కాఫీ కలుపుకుని, సన్నగా సుప్రభాతం పెట్టుకునేది. గడియారం మారిన వారం మా పాప ఐదింటికి లేచింది. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. చంకనేసుకుని వంటింట్లోకి తీసుకొచ్చి, పాలు పట్టి, ఆటలాడించేది. "నువ్వు పడుకోవే, నేను చూసుకుంటాను" అనేది నాతో. నేను కళ్లు కూడా తెరవకుండా సరే అనేదాన్ని. పన్నెండు రోజులైనా పాప ఐదింటికే లేస్తోంది. అప్పటికి నేను డాక్టర్నే. అయినా నాకు వెలగడానికి పన్నెండు రోజులు పట్టింది. ఐదింటికి లేస్తే వెలుతురు, పాలు, అమ్మమ్మ ఒడి, మూడూ దొరుకుతున్నాయి. ఆ పిల్ల గడియారం ఐదుకే తాళం వేసుకోక ఏం చేస్తుంది?

అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది ఉన్నారిక్కడ. మీరు రాకపోతే ఈ ఇళ్లలో చాలామంది తల్లులు పనిలోకి తిరిగి వెళ్లలేకపోయేవారు, అది నాకు తెలుసు. మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఆ రెండు వారాలు మీ మనవడు ఐదింటికి లేస్తే, వాడిని వెలుతుర్లోకి తీసుకురాకండి. చీకటి గదిలోనే ఉంచండి. మరీ గుక్కపెట్టి ఏడుస్తుంటే వెళ్లండి, డైపర్ మార్చండి, జోకొట్టండి, కానీ మాట్లాడించొద్దు, ఫోన్ చూపించొద్దు. ఆకలితోనే లేచిన చిన్న బిడ్డకైతే అర్ధరాత్రి పట్టినట్టే ఆ చీకట్లోనే పాలు పట్టి మళ్లీ పడుకోబెట్టండి. మర్నాడు ఐదూ పది, ఆ తర్వాత ఐదూ ఇరవై. అలా ఆరుకు చేరుతుంది. సాధారణంగా వారం, మహా అయితే రెండు వారాలు. డిసెంబర్‌లో ఇండియా వెళ్లొచ్చినప్పుడు పదిన్నర గంటల తేడాకే మీ పిల్లలు సర్దుకున్నారు కదా, ఇది ఒక్క గంట.

సాయంత్రం ఫోన్ల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద చేసిన ఒక చిన్న అధ్యయనం ఉంది. పడుకునే ముందు గంటసేపు వాళ్లను బాగా వెలుతురున్న చోట ఆడుకోనిచ్చారు. మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. లైటు తీసేశాక కూడా ఇంచుమించు గంటదాకా కోలుకోలేదు. ఫోన్ వెలుగు అంత తీవ్రంగా ఉండదు, నిజమే. కానీ పిల్లల కంటిపాప పెద్దది, కటకం తేటగా ఉంటుంది, పెద్దవాళ్ల కన్నా ఎక్కువ వెలుతురు లోపలికి వెళ్తుంది. పైగా ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుంటారు. పడుకునే ముందు గంట ఫోన్ వద్దు. అన్నం తినిపించడానికైనా సరే. గోరుముద్దలు కథ చెప్పి పెట్టిన చేతులే కదా మనవి.

ఇంకొకటి, మెలటోనిన్ గమ్మీలు, అంటే ఆ హార్మోన్ కలిపిన నమిలే తియ్యటి బిళ్లలు. వీటిని ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో విటమిన్ల పక్కన మిఠాయిలా అమ్ముతున్నారు. ఇక్కడ అది మందు కింద రాదు, ఆహార సప్లిమెంట్ కింద వస్తుంది, కాబట్టి సీసా మీద రాసింది లోపల ఉందన్న నమ్మకం లేదు. 2023లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలనలో 25 రకాల గమ్మీలు చూస్తే 22 రకాల్లో లేబుల్ మీది లెక్కకూ లోపలి లెక్కకూ పొంతన లేదు. పిల్లలు మెలటోనిన్ మింగారని పాయిజన్ సెంటర్లకు, అంటే విషం మింగితే సలహా చెప్పే కేంద్రాలకు, తెలిసిన ఘటనలు 2012 నుంచి 2021 మధ్య 530 శాతం పెరిగాయని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. ఒక్క గంట తేడా కోసం ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లకు ఇది వేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే తాళం పెట్టి దాచండి. కొందరు పిల్లలకు వేరే కారణాల వల్ల డాక్టర్లే ఇస్తారు, అది వేరు. అలాగే మూర్ఛకో, మరోదానికో గంట లెక్కన మందు వేసే పిల్లలుంటే, గడియారం మారిన రోజు డోసు ఎప్పుడు వేయాలో మీ డాక్టర్‌ను ముందే అడగండి.

మార్చి గురించి క్లుప్తంగా చెబుతాను. 2026లో అది మార్చి 8. అప్పుడు గంట ముందుకు పోతుంది. పాపకు ఎనిమిదింటికి నిద్ర రాదు, ఎందుకంటే దాని ఒంటికి అది ఏడే. బయట ఏడింటి దాకా వెలుగు ఉంటుంది. పొద్దున్న మాత్రం డేకేర్ కోసం గాఢనిద్రలోంచి లేపాలి. పద్ధతి తిరగేస్తే సరి. ముందు వారం రోజుకు పది నిమిషాలు ముందే లేపండి, లేవగానే కర్టెన్లు తీసేయండి. మా రెండోవాడికి ఈ పని అమ్మే చేసింది. లేవగానే శాలువా చుట్టి వరండాలో తూర్పు వైపు కూర్చునేది. ఊళ్లో పసిపిల్లలను లేత ఎండలో కూర్చోబెట్టినట్టే. నాలుగు రోజుల్లో సర్దుకున్నాడు. ఉగాది మార్చి 19న, అప్పటికి మీ ఇళ్లలోనూ కుదుటపడిపోతుంది.

మార్చిలో పిల్లల కన్నా మీ గురించి నాకు భయం. ఆ వారంలో అమెరికాలో ప్రాణాలు పోయే రోడ్డు ప్రమాదాలు 6 శాతం దాకా పెరుగుతాయని రెండు దశాబ్దాల రికార్డులు చూసి తేల్చారు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో నిద్ర అసలే అప్పుల్లో ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం సోఫా. తెల్లవారుజామున బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో ఒక్క కునుకు తీద్దామనుకుంటారు. బిడ్డ జారి కుషన్ సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. నిద్ర ఆగట్లేదని తెలియగానే భర్తను లేపండి, అత్తగారిని లేపండి, మొహమాటపడకండి. బిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా, దిండూ దుప్పటీ లేకుండా, తన తొట్టిలో, మీ గదిలోనే పడుకోబెట్టమని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. మనం నేల మీద చాప పరిచి పిల్లను పక్కన వేసుకుని పడుకున్నవాళ్లమే. కానీ ఇక్కడి మెత్తటి పరుపులు, బరువైన రజాయిలు ఆ చాప లాంటివి కావు.

అసలు ఈ గడియారం తిప్పుడే ఎత్తేయొచ్చు కదా అని వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు. 1974 జనవరిలో ఏడాదంతా వేసవి టైమే ఉంచుదామని చూశారు. చలికాలం పొద్దున్న కటిక చీకట్లో పిల్లలు స్కూలు బస్సుల కోసం రోడ్ల మీద నిలబడాల్సి వచ్చింది. తల్లిదండ్రులు తట్టుకోలేకపోయారు, అక్టోబర్‌కల్లా వెనక్కి తీసుకున్నారు. నిద్ర వైద్యుల సంఘం అయితే ఏడాదంతా చలికాలపు టైమే, అంటే సూర్యుడికి దగ్గరగా ఉన్న టైమే ఉంచమంటోంది. నా ఓటు కూడా దానికే.

ముందు వరుసలో అమ్మమ్మగారు చేయెత్తారు, చెప్పండమ్మా. జనవరిలో గుంటూరు వెళ్లిపోతున్నారు, అక్కడి నుంచి మనవడిని వీడియోలో ఎప్పుడు చూడొచ్చని అడుగుతున్నారు. చాలా మంచి ప్రశ్న. ఇప్పుడు మనకూ ఇండియాకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. నవంబర్ 2 నుంచి పదిన్నర. మీరు పొద్దున్న ఆరింటికి స్నానం చేసి ఫోన్ చేశారనుకోండి, ఇక్కడ రాత్రి ఏడున్నర. సరిగ్గా వాడిని నిద్రకు సిద్ధం చేసే వేళ. మిమ్మల్ని తెర మీద చూస్తే వాడికి ఉత్సాహం పొంగుకొస్తుంది, ఇంకో గంట నిద్రపోడు. మార్చి 8 తర్వాత అదే ఆరింటికి చేస్తే ఇక్కడ ఎనిమిదిన్నర, అప్పటికి వాడు పడుకుని ఉంటాడు. అందుకని పొద్దున్న వద్దమ్మా. సాయంత్రం ఆరున్నరకు చేయండి, మార్చి 8 దాటాక ఐదున్నరకు. మీకు అది దేవుడి దగ్గర దీపం పెట్టుకునే వేళ, ఇక్కడ వాడికి పొద్దున్న ఎనిమిది. కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటుంటాడు. మీరు అక్కడి నుంచి కథ చెబుతుంటే ఇంకో ఇడ్లీ ఎక్కువే తింటాడు.